సున్నా నుంచి నడిచిన గడియారం

"పన్నెండు గంటలకు జీపు గడ్చిరోలి జైలుకు పోతది, పరాంకుశం సాబ్. మీకు చాలీస్ మినిట్ ఉన్నది. తర్వాత ఈ కేసుల మీకు ఏం పని లేదు."

పోలీసు ఫౌజ్‌దార్ తాంబే ఆ మాట అంటూ చేతి గడియారం మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. నాగపూర్ నుంచి సిరొంచకు వచ్చి మూడేళ్లయినా అతని తెలుగులోంచి మరాఠీ పోలేదు. గొంతులోంచి అధికారమూ పోలేదు.

డిటెక్టివ్ పరాంకుశం తన గడియారం చూసుకున్నాడు. పదకొండూ ఇరవై. బుధవారం.

రేడియో మెకానిక్ బుచ్చన్న దుకాణం ముందు జీపు ఆగి ఉంది. అందులో చేతులకు బేడీలతో సోము కూర్చున్నాడు. భామ్రాగడ్ దగ్గరి గోండు గూడెం వాడు, అల్లపల్లి కలప డిపోలో కూలి. బుచ్చన్నకు మంచి స్నేహితుడు. తాంబే లెక్క ప్రకారం ఆ స్నేహితుడే ఆదివారం సాయంత్రం బుచ్చన్నను ప్రాణహిత ఒడ్డుకు తీసుకుపోయి, చంపి, వరదలోకి తోసేశాడు. శవం దొరకలేదు. బుచ్చన్న ఎడమకాలి చెప్పు మాత్రం రేవు బురదలో దొరికింది.

"చచ్చినోడి కోసం ఇంక వెతికేదేముంది?" అన్నాడు తాంబే.

"నా మొగడు సావలేదు."

ఆ మాట అన్నది ఎల్లక్క, బుచ్చన్న భార్య. దుకాణం మూలన పాత రేడియో పెట్టెల మధ్య నిలబడి ఉంది. శనివారం కాళేశ్వరంలోని పుట్టింటికి వెళ్లి, వరదకు పడవలు ఆగిపోవడంతో మంగళవారం పొద్దున గానీ తిరిగి రాలేకపోయింది. వచ్చేసరికి దుకాణం తలుపు ఓరగా తెరిచి ఉంది. మనిషి లేడు. ఆమె అన్న హన్మకొండలో పరాంకుశం దగ్గరే గుమాస్తా. పోస్టాఫీసు నుంచి ఆమె చేసిన ట్రంకు కాల్‌కు పరాంకుశం రాత్రి బస్సెక్కి, పొద్దున మొదటి పడవలో నది దాటాడు.

"సావలేదు సారూ" అంది ఎల్లక్క మళ్లీ. "వీళ్లు జీపు కదిలిచ్చిండ్రంటే మాత్రం సచ్చినట్టే. ఇగ ఎవ్వలు దేవులాడరు."

పరాంకుశం తల ఊపి బల్ల దగ్గరికి వెళ్లాడు. చేతులు వెనక్కి కట్టుకుని ముందు కళ్లతోనే వెతికాడు.

బల్లకు కుడివైపు, వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ పడి ఉంది. దాని మొన ఆనిన చోట చెక్క అంగుళం లోతున బొగ్గయింది. వైరు గోడలోని ప్లగ్గులోనే ఉంది. స్విచ్ వేసే ఉంది.

"కరెంటు ఎప్పుడు పోయింది?"

"సోమవారం రాత్రి తొమ్మిదికి. ఊరు మొత్తం. ఇంక రాలేదు" అన్నాడు తాంబే.

"మీ సాక్షి రాజం చెప్పినట్టు బుచ్చన్న ఆదివారం సాయంత్రం అయిదింటికి పని ముగించి వెళ్లిపోతే, ఈ ఐరన్ ఇరవై ఎనిమిది గంటలు కాలింది. అప్పుడు అంగుళం గుంట కాదు ఫౌజ్‌దార్ సాబ్, దుకాణమే మిగలదు."

"చెక్క చెక్కకు ఫరక్ ఉంటది."

"ఉంటుంది." పరాంకుశం వాదించలేదు. బల్ల మీది చిన్న ట్రాన్సిస్టర్‌ను కర్చీఫుతో పట్టుకుని తిప్పాడు. నాబ్ ఆన్‌లో ఉంది. చప్పుడు లేదు. వెనక మూత తీస్తే సెల్లులు చీమిడి కార్చినట్టు కారి ఉన్నాయి. "చెల్లే, బుచ్చన్న రేడియో ఇట్ల నడుస్తుండగ ఇడిచిపెట్టి పోతడా?"

"ఆయనా? సెల్లులను పానం లెక్క సూసుకుంటడు. ఏడింటి వార్తలు కాంగనే బందు వెడ్తడు."

"ఏడింటి వార్తలే ఎందుకు?"

"వార్తల ముంగట పీప్ పీప్ అని కూత వస్తది సూడుండ్రి, దాని కోసం. టైము చూపిచ్చే సామాను ఏది బాగుచేసినా గా కూతకే టైము కల్పుతడు. ఏడుకు అయిదారు నిమిషాల ముంగట సెల్లు ఏస్తడు. ఆఖరు కూతకు బటను ఒత్తుతడు. అప్పుడు మూత బిగిస్తడు. గా నడుమ నేను పిలిచినా పలకడు. ఊళ్లె ఎవ్వల గడియారం నమ్మడు సారూ. ఫౌజుదారు గడియారం గూడ రెండు నిమిషాలు ఎనుక అంటడు."

తాంబే అసంకల్పితంగా తన మణికట్టు చూసుకున్నాడు. వెంటనే చేయి దించేశాడు.

పరాంకుశం చూపు బల్ల అంచున ఉన్న బట్టల సబ్బు ముక్క దగ్గర ఆగింది. దానిలో స్క్రూలు వరసగా గుచ్చి ఉన్నాయి. విప్పినవి దొర్లిపోకుండా, ఏ చోటిది ఆ చోటికే పోయేలా బుచ్చన్న పెట్టుకున్న ఏర్పాటు అది. ఒకటి, రెండు, మూడు... ఆరు. వాటి ముందు నాలుగు ఖాళీ గుంతలు.

"ఇప్పుడు ఆ కీబోర్డు చూద్దాం."

సాక్షి రాజం అప్పగించిన ఎలక్ట్రానిక్ కీబోర్డు అట్టపెట్టెలో ఉంది. రాజం బ్యాండు మేస్త్రి. పెళ్లి ఊరేగింపులలో వాయించుకోవడానికి అతని బావమరిది దుబాయి నుంచి తెచ్చిచ్చిన జపాన్ సామాను. ఆదివారం అయిదింటికి బుచ్చన్న దీన్ని బాగుచేసి తన చేతికిచ్చి, సోముతో కలిసి రేవు వైపు వెళ్లాడని రాజం వాంగ్మూలం. సోము మెడకు బిగిసిన ఉరి ఆ ఒక్క వాంగ్మూలమే. ఎందుకంటే సోమవారం పొద్దున ఏడు నుంచి మంగళవారం సాయంత్రం దాకా సోము వంద కిలోమీటర్ల అవతల అల్లపల్లి డిపోలో ఉన్నట్టు హాజరీ పుస్తకంలో వేలిముద్రలున్నాయి.

పరాంకుశం కీబోర్డును బోర్లించాడు. అడుగు మూతకు పది రంధ్రాలు. నాలుగింటికే స్క్రూలున్నాయి. వాటిలో ఒకటి వంకరగా దిగి, ప్లాస్టిక్‌ను చీల్చింది.

"ఇది నా మొగడు బిగిచ్చింది కాదు" అంది ఎల్లక్క. "పసివిల్లలకు బొత్తాలు వెట్టినట్టు వెడ్తడు ఆయన."

"భార్య మాట సాక్ష్యం కాదు, బాయీ" అన్నాడు తాంబే.

పరాంకుశం కీబోర్డును మళ్లీ నిటారుగా పెట్టాడు. మీటల పైన అగ్గిపెట్టెంత అద్దం కిటికీ. అందులో నల్లటి అంకెలు. ఊళ్లో కరెంటు లేకపోయినా, లోపల కొత్తగా వేసిన రూపాయి బిళ్లంత బ్యాటరీ వాటిని నడిపిస్తోంది. పక్కన చిన్నగా 2. మధ్యలో 16:37.

ఆ అంకెలు చూసి పరాంకుశం వెన్ను నిటారైంది. తన గడియారం చూశాడు. పదకొండున్నర.

"గడియారం తప్పు" అన్నాడు తాంబే. "సాయంత్రం నాలుగున్నర చూపిస్తంది."

"తప్పు కాదు. ఎవరూ సరిచేయని గడియారం."

అట్టపెట్టె అడుగున ఇంగ్లీషు పుస్తకం ఒకటి ప్లాస్టిక్ కవరులో ఉంది. పరాంకుశం పేజీలు తిప్పి, ఒక చోట వేలు పెట్టి, పుస్తకాన్ని తాంబే ముందుకు తోశాడు. తాంబే పెదవులు కదుపుతూ చదివాడు. లోపలి బ్యాటరీ మార్చినప్పుడల్లా గడియారం ఒకటో రోజు సున్నా గంటల నుంచి మొదలవుతుంది; ఆ తర్వాత మనమే సరైన సమయం పెట్టుకోవాలి.

"ఇది రెండో రోజు. పదహారు గంటల ముప్ఫై ఏడు నిమిషాలు. అంటే బ్యాటరీ పడి నలభై గంటల ముప్ఫై ఏడు నిమిషాలైంది" అంటూ పరాంకుశం కాగితం మీద లెక్క వేశాడు. "పదకొండున్నర నుంచి వెనక్కి పోండి. నిన్న పదకొండున్నరకు ఇరవై నాలుగు గంటలు. ఇంకా పదహారు గంటల ముప్ఫై ఏడు నిమిషాలు."

తాంబే పెన్సిల్ లాక్కుని తనే లెక్క కట్టాడు. రెండుసార్లు కట్టాడు. రెండుసార్లూ ఒకటే వచ్చింది. సోమవారం సాయంత్రం ఆరూ యాభై మూడు.

"ఏడుకు ఏడు నిమిషాల ముందు" అన్నాడు పరాంకుశం. "బ్యాటరీ వేశాడు. రేడియో పెట్టాడు. కూత కోసం కూర్చున్నాడు. ఏడింటికి కూత వచ్చింది. బటను నొక్కే చేయి మాత్రం అప్పటికి ఇక్కడ లేదు."

వెలుపల చూరు నీళ్లు డబ్బా మీద పడుతున్న చప్పుడు. ఎల్లక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తాంబే ముఖం ఎర్రబడింది. "పుస్తకంల రాసింది నేను ఒప్పుకోను. తీసి చూస్త. నిజంగ సున్నా వస్తదా, రాదా?"

అతను బల్ల మీది స్క్రూ డ్రైవర్ తీసుకుని కీబోర్డును బోర్లించబోయాడు. పరాంకుశం అతని మణికట్టు పట్టుకున్నాడు.

"వదులు" అన్నాడు తాంబే.

"తీస్తే సున్నా వస్తుంది ఫౌజ్‌దార్ సాబ్. మీ అనుమానం తీరుతుంది. కానీ నలభై గంటలు పోతాయి. మళ్లీ ఏ కోర్టూ వాటిని వెనక్కి తేలేదు. బయట బేడీలతో కూర్చున్న మనిషికి ఉన్న సాక్ష్యం ఈ అంకెలొక్కటే."

"పోలీసు చేయి పట్టుకుంటున్నవు. తెలుస్తుందా?"

"తెలుసు. పంచనామా రాసి నన్నూ జీపెక్కించండి. కానీ ముందు ఈ అంకెలకు పంచనామా రాయండి."

స్క్రూ డ్రైవర్ మొన కీబోర్డు మూతకు జానెడు దూరంలో ఆగింది. తర్వాత తాంబే దాన్ని బల్ల మీద విసిరికొట్టాడు.

"కాన్‌స్టేబుల్! ఇద్దరు పంచులను పిలువు!"

ఎదురుగా ఉన్న దర్జీ, చాయ్ హోటలు ముసలాయన సాక్షులుగా వచ్చారు. పదకొండూ నలభై ఒకటికి కిటికీలో అంకెలు 16:48 అని వాళ్లే చూసి, వేలిముద్ర ఒకరు, సంతకం ఒకరు పెట్టి వెళ్లారు. వెళ్తూ వెళ్తూ ముసలాయన, "ఇంతకు మా బుచ్చన్న ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగాడు.

"ఇప్పుడు మీ సాక్షిని పిలవండి" అన్నాడు పరాంకుశం.

రాజం లోపలికి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. బ్యాండు వాళ్ల ఎర్ర కోటు లేకపోతే బక్కగా, పొట్టిగా ఉన్నాడు. ఎల్లక్క వైపు చూడలేదు. కీబోర్డు వైపు అంతకన్నా చూడలేదు.

"కూర్చో రాజం. ఇది బుచ్చన్నకు ఎందుకిచ్చినవు?"

"లోపటి సెల్లు సచ్చింది సార్. బందు వెట్టంగనే నేను ఎక్కిచ్చుకున్న పాటలు గిట్ల అన్ని పోతున్నయి. టైము గూడ."

"ఎప్పుడు తెచ్చుకున్నవు?"

"ఐతారం. అయిదింటికి."

"సెల్లు నీ ముందరనే ఏసిండా?"

"ఆఁ సార్. నా ముంగటనే."

"మూత?"

"మూత గూడ."

"బుచ్చన్ననే బిగించిండా?"

"బుచ్చన్ననే."

"పదిట్ల నాలుగే బిగించి, ఆరు సబ్బుల వదిలేసిండా? ఇరవై ఏండ్ల సంది పని చేసే మెకానిక్కు?"

రాజం పెదాలు నాకాడు. "నేను లెక్కవెట్టలె సార్."

"తెచ్చుకున్నంక వాయించినవా?"

"వాయిస్తున్న."

"రెండు దినాలు వాయిస్తున్నవు. ఎదురుంగ టైము తప్పు కనవడ్తున్నది. టైము పోతున్నదని బాగుకిచ్చినోనివి. తప్పు టైము ఎందుకు తీసుకున్నవు? బుచ్చన్న తప్పు టైముతోని సామాన్ ఇస్తడా?"

రాజం చూపు పరాంకుశం భుజం మీదుగా తలుపు దగ్గరికి పోయి వచ్చింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

"ఈ సెల్లు సోమవారం ఆరూ యాభై మూడుకు పడ్డది. ఇగో, పంచుల సంతకాలు. నువ్వేమో దాదాపు ఇరవై ఆరు గంటల ముందే ఇది నీ ఇంట్ల ఉన్నదంటున్నవు. ఐతారం సోము సిరొంచల ఉన్నడు. సోమవారం లేడు. అందుకే నీకు ఐతారం అని నేర్పిండ్రు. ఎవరు రాజం?"

"నాకేం ఎరుక లేదు సార్."

"బండల్ కొట్టకు!" తాంబే అరిచాడు. ఇంతసేపూ పరాంకుశం మీద ఉన్న కోపమంతా ఇప్పుడు రాజం మీదికి మళ్లింది. "నా పంచనామాల అబద్ధం రాయిస్తవు? నిన్నే లోపల వేస్త!"

"ఎయ్యుండ్రి సాబ్" అన్నాడు రాజం. అతని గొంతులో దాదాపు సంతోషం వినిపించింది. "లోపటనే ఏసి తాళమెయ్యుండ్రి. గడ్చిరోలికే తోలుండ్రి. బయటికి మాత్రం తోలకుండ్రి."

ఎల్లక్క ముందుకొచ్చింది. రాజం ఎదురుగా నేల మీద కూర్చుంది.

"తమ్మీ, నీ పెండ్లికి మైకుసెట్టు పెట్టింది ఎవలు? ఒక్క మాట చెప్పు. బతికున్నడా?"

రాజం భుజాలు కదిలాయి. రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"తలుపు ఏయుండ్రి" అన్నాడు.

కాన్‌స్టేబుల్ తలుపు వేశాడు. పట్టపగలే దుకాణం చీకటైంది. ఆ చీకట్లో కీబోర్డు కిటికీలో అంకె ఒకటి మారింది.

"సోమవారం కుండపోత వాన సార్. బజార్ల పురుగు లేదు. ఆరున్నరకు వచ్చిన. బుచ్చన్న సెల్లు ఏసిండు. తీస్కపోత అన్న. 'ఆగు, ఏడు కూత వడ్డంక తీస్కపోదువు' అన్నడు. గప్పుడే ముగ్గురు వచ్చిండ్రు. మొఖాలకు తువ్వాలలు. గోనెసంచి తెచ్చి బల్ల మీద వెట్టిండ్రు. లోపట ఏందో మెషిను. బురద బురద. బాగుచెయ్యుమన్నరు. బుచ్చన్న దాన్ని చూసి చేతులు తీసేసిండు. 'ఇది నేను ముట్టను' అన్నడు. గంతే. నోట్లె బట్ట కుక్కి ఎత్తుకున్నరు."

"ఎటు తీసుకుపోయిండ్రు?"

"పాతగూడెం రేవుకు సార్. ఇంద్రావతి ఒడ్డున పాత పడవల పాక ఉన్నదట. వాండ్లల్ల వాండ్లు అనుకున్నరు."

"నిన్నెందుకు ఇడిచిపెట్టిండ్రు?"

"బుచ్చన్న చెప్పు ఒకటి ఊడింది. అది నా చేతుల వెట్టిండ్రు. రేవుల పారెయ్యి, ఐతారమే సోముతోని వొయిండని చెప్పు అన్నరు. వాండ్లు దొంగతనంగ కొట్టే టేకు దుంగల సంగతి సోము ఫారెస్టోళ్లకు చెప్పిండట. లేకుంటే ఇంకో చెప్పు దొరుకుతది, గది నీదైతది అన్నరు. కీబోర్డు గూడ తీస్కపొమ్మన్నరు, పని అయిపోయినట్టు కనవడాలె అని. మూత నేనే బిగిచ్చిన. చేతులు వణుకుతుంటే నాలుగే పట్టినయ్."

"నా మొగడు, తమ్మీ?" అంది ఎల్లక్క.

"మెషిను బాగయ్యే దాంక ఏం చెయ్యరు అక్కా. బాగయినంక..."

తాంబే అప్పటికే లేచాడు. ఒక్క అంగలో తలుపు తీసి, "సోముకు బేడీలు తియ్యండి! జీపు స్టార్ట్ చెయ్యండి!" అని అరిచాడు. పరాంకుశం వైపు తిరిగాడు. అతని ముఖంలో సిగ్గు ఉంది, తొందర ఉంది. "అల్లపల్లి నుంచి ఫోర్స్ తెప్పిస్త. అటు నుంచి వాళ్లు, ఇటు నుంచి మనం. మీ గడియారం బరోబర్ పరాంకుశం సాబ్. నేను ఒప్పుకుంటున్న."

అతని బూట్ల చప్పుడు వానలో కలిసిపోయింది. ఠాణా రెండు సందుల అవతలే.

పరాంకుశం రాజం ఎదురుగా కూర్చున్నాడు. ఏదో ఒకటి అతని మనసులో కుదరడం లేదు. టేకు దొంగలకు మెకానిక్ ఎందుకు? బుచ్చన్న ముట్టనన్న సామాను ఏది?

"ఏం మెషిను రాజం అది?"

రాజం తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఫౌజుదారు ముంగట చెప్పలేకపోయిన సార్. ఫోను అసొంటి గొట్టం ఉన్నది, చుట్టలు తిరిగిన వైరుతోని. వాండ్లు నవ్వుకుంట అన్నరు. 'కిందటి నెల ఫౌజుదారు జీపు వాగుల వడ్డది సూడు, వైర్‌లెస్ కొట్టుకపోయిందని కాగితం రాసిచ్చిండు. గదే ఇది. ఇగ పోలీసులు ఏడికి కదిలినా మనకు ముందుగాల తెలుస్తది' అని."

పరాంకుశం కుర్చీ వెనక్కి పడిపోయింది.

అతను వానలోకి దూకాడు. ఒక సందు. రెండో సందు మలుపులో కాలు జారి మోకాలు బురదలో దిగింది. లేచాడు. వెనక ఎల్లక్క చెప్పులు లేకుండా పరిగెత్తుకొస్తోంది. ఠాణా మెట్ల దగ్గర గడియారం చూశాడు. పన్నెండూ ఎనిమిది.

వైర్‌లెస్ గదిలో సెట్టు కారు బ్యాటరీ మీద నడుస్తోంది. తాంబే మైకు కొక్కేనికి తగిలిస్తూ చిరునవ్వుతో తిరిగాడు.

"అయిపోయింది. ఇరవై మంది. మూడు గంటలకు పాతగూడెం రేవు దగ్గర పడవల పాక..."

"పేరు చెప్పారా? పాక పేరు?"

"చెప్పకపోతే వాళ్లు ఎక్కడికి వస్తరు?"

"వాగులో పోయిన మీ వైర్‌లెస్ పోలేదు ఫౌజ్‌దార్ సాబ్. బుచ్చన్నను ఎత్తుకుపోయింది దాని కోసమే. మీరిప్పుడు అల్లపల్లితో మాత్రమే మాట్లాడలేదు. వాళ్లతోనూ మాట్లాడారు."

తాంబే చేయి కొక్కెం దగ్గరే ఆగిపోయింది.

"ఆ సెట్టు చచ్చింది. నెల రోజులు నీళ్లల్ల ఉన్నది. ఎవడు బాగుచేస్తడు దాన్ని?"

సెట్టులో గరగర మొదలైంది. ఆగింది. మళ్లీ మొదలైంది. దానిలోంచి ఒక మగ గొంతు, తాపీగా, ఇంటి ముందు కూర్చుని పలకరించినట్టు వచ్చింది.

"ఫౌజుదారు సాబ్, నమస్తే. మంచిగ ఇనవడ్తుందా? మీ బుచ్చన్న చెయ్యి మంచిది. బంగారం అసొంటి చెయ్యి. పొద్దున్నే మెషిను మాట్లాడవట్టింది. ఇగ ఆయనతోని మాకు పని లేదు."

తాంబే మైకు వైపు చూశాడు గానీ దాన్ని అందుకోవడానికి చేయి లేవలేదు. పరాంకుశం ఏం చెప్పాలా అని నోరు తెరిచేలోపు ఎల్లక్క ఇద్దరి మధ్యలోంచి దూరింది. తడి చేత్తో మైకు లాక్కుని, పక్కనున్న మీట నొక్కింది.

"ఎవలయ్యా నువ్వు? నేను బుచ్చన్న పెండ్లాన్ని. ఇను. అది నీళ్లు తాగిన మెషిను. ఇప్పుడు మాట్లాడ్తది, పొడిగ ఉన్నంత సేపు. చెమ్మ ఎక్కంగనే మల్ల మూగదైతది. రోగం జీవానికి మందు పోసినట్టు పూట పూటకు ఇప్పి చూడాలె. ఎక్కడ ఇప్పాల్నో, ఏది తుడువాల్నో ఆయనకొక్కనికే ఎరుక. ఆయన్ని ఏమన్న చేస్తివో, పొద్దుగూకేసరికి నీ చెవులు నువ్వే కోసుకున్నట్టు."

మీట వదిలింది. గరగర. చాలాసేపు గరగరే.

తర్వాత వెనక ఎవరో ఏదో అడగడం, ఇంకెవరో గొణగడం వినిపించాయి. మొదటి గొంతు మళ్లీ వచ్చింది. ఈసారి అంత తాపీగా లేదు.

"పొద్దుగూకే దాంక ఉంచుతం. పాక మారుస్తున్నం, దేవులాడకుండ్రి. పొద్దుగూకే లోపట గిది మూగదైతే నీ మాట నిజం, నీ మొగడు బతుకుతడు. కాకుంటే అబద్ధమాడిన పెండ్లామే చంపినట్టు."

సెట్టు నిశ్శబ్దమైంది.

ఎల్లక్క మైకును బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. దాని మీది నీటిచుక్కలు కొంగుతో తుడిచింది.

"చెల్లే" అన్నాడు పరాంకుశం మెల్లగా. "ఆ మెషిను నిజంగా పొద్దుగూకే లోపట ఆగిపోతుందా?"

"నాకేం ఎరుక సారూ" అంది ఎల్లక్క. "రేడియో ఇప్పితే లోపట నాకు అన్ని ఒక్క తీరే కనవడ్తయి. ఇగ పొద్దుగూకక ముందే ఉరుకుండ్రి."